అయిదు వాల్వుల ఆంప్లిఫయర్

ఏబీ763 అన్నది ఒక సర్క్యూట్ పేరు. చివరి మూడంకెలూ తారీఖు: ఏడో నెల, 63వ సంవత్సరం. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో ఫెండర్ కంపెనీ గీసిన ఈ పటం మీదే డీలక్స్ రివర్బ్, ట్విన్ రివర్బ్ ఆంప్లిఫయర్లు తయారయ్యాయి. గిటారిస్టులు క్లీన్ టోన్ అనగానే చాలామంది మనసులో మోగేది ఆ పెట్టెల గొంతే. అరవై ఏళ్ళు దాటినా, సొంతంగా వాల్వు ఆంప్లిఫయర్ కట్టుకోవాలనుకునేవాళ్ళు తిరిగి తిరిగి ఈ పటం దగ్గరికే వస్తారు. పటం దాచిపెట్టినదేమీ కాదు, అందులోని విలువలన్నీ అందరికీ తెలిసినవే. అయినా అదే పటం చూసి ఇద్దరు కడితే, ఒకరిది తీగ మీటేదాకా ఉలుకూ పలుకూ లేకుండా ఉంటుంది, రెండోది గుంయ్‌మని మూలుగుతూనే ఉంటుంది. ఆ తేడా కాగితం మీద కనిపించదు. ఏ తీగ ఏ పక్క నుంచి ఎలా నడిచిందో చూస్తే తెలుస్తుంది.

అసలు డీలక్స్ రివర్బ్‌లో తొమ్మిది వాల్వులు. రివర్బ్, వైబ్రాటో వదిలేసి నార్మల్ చానెల్ ఒక్కటే ఉంచుకుంటే అయిదు చాలు: ఒక 12ఏఎక్స్7, ఒక 12ఏటీ7, రెండు 6వీ6, ఒక జీజెడ్34. మొదటిసారి కట్టేవాళ్ళకి ఇంతకంటే మంచి నమూనా లేదని నా నమ్మకం. క్లీన్ టోన్ రహస్యమంతా ఆ అయిదింటిలోనే ఉంది.

లియో ఫెండర్ 1938లో రేడియో రిపేరు షాపు పెట్టుకున్న మనిషి. గిటార్ వాయించడం ఆయనకు రాదు. 1940ల్లో ఆయన తొలి సరుకు ఒళ్ళో పెట్టుకుని వాయించే హవాయి తరహా స్టీల్ గిటార్లు, వాటికి తోడు చిన్న ఆంప్లిఫయర్లు. 1953లో కంపెనీలో చేరిన ఫ్రెడ్డీ టవారెస్ కూడా హవాయిలో పుట్టిన స్టీల్ గిటార్ వాద్యకారుడే. స్వరం మీంచి స్వరానికి జారుతూ పోయే ఆ వాద్యంలో సౌండు పగిలిందంటే జారు పోతుంది, శ్రుతి మసకబారుతుంది. వాళ్ళకి సౌండు పగలడం ఒక లోపం, అంతే. కావాలని పగలగొట్టి వాయించే పద్ధతి తర్వాతి తరం గిటారిస్టులకి రుచించింది. ఏబీ763లో ఏ విలువ చూసినా ఆ పాత పట్టుదలే కనిపిస్తుంది.

ముందు వాల్వు సంగతి. గాజు బుడ్డిలో గాలి తీసేసి ఉంటుంది. నడిమధ్య హీటరు, దాన్ని కప్పుకుని క్యాథోడ్ అనే సన్నని గొట్టం. అది కాగితే దాని మీది పూతలోంచి ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి. చుట్టూ ఉన్న ప్లేటు మీద వందల వోల్టుల ధన విద్యుత్తు ఉంటుంది గనక అవి అటు పరిగెడతాయి. రెండింటి మధ్య, క్యాథోడుని దాదాపు ఆనుకుని, సన్నని తీగ చుట్ట ఒకటి ఉంటుంది. అదే గ్రిడ్డు. దాని మీద ఋణ వోల్టేజి కాస్త పెరిగితే ఎలక్ట్రాన్ల పరుగు తగ్గుతుంది, కాస్త తగ్గితే పరుగు హెచ్చుతుంది. గ్రిడ్డు దగ్గర చిన్న కదలిక, ప్లేటు దగ్గర పెద్ద కదలిక. 1906 నాటి లీ డి ఫారెస్ట్ ఆడియన్ నుంచీ సూత్రం ఇదే.

12ఏఎక్స్7లో ఇలాంటివి రెండు ఒకే బుడ్డిలో ఉంటాయి. మొదటి సగానికి ప్లేటు వైపు 100 కిలోఓముల రెసిస్టరు, క్యాథోడు కింద 1.5 కిలోఓముల రెసిస్టరు. ఈ రెండో రెసిస్టరులో ఉన్న తెలివి చూడండి. గ్రిడ్డు ఎప్పుడూ క్యాథోడు కంటే ఋణంగా ఉండాలి. దానికోసం విడిగా ఋణ వోల్టేజి తేవచ్చు. ఇక్కడ మాత్రం గ్రిడ్డుని సున్నా దగ్గరే ఉంచి క్యాథోడుని పైకెత్తారు. వాల్వులో పారే మిల్లీఆంపియరు కంటే తక్కువ కరెంటు ఆ 1.5 కిలోఓముల గుండా పోతూ సుమారు 1.3 వోల్టులు నిలబెడుతుంది. వాల్వు పాతబడి కరెంటు తగ్గితే ఆ వోల్టేజీ తగ్గుతుంది, దాంతో కరెంటు మళ్ళీ కొంత కోలుకుంటుంది. ఎవరూ ముట్టుకోకుండానే తనను తాను సరిచేసుకునే ఏర్పాటు. పక్కన కట్టిన 25 మైక్రోఫారడ్ల కండెన్సరు ఈ సర్దుబాటుని నిదానమైన మార్పులకే పరిమితం చేసి, సంగీతపు కదలికలకి అడ్డురాకుండా చూస్తుంది.

ఇప్పుడు లెక్క వేస్తే క్లీన్ టోన్ అంటే ఏమిటో తేలిపోతుంది. సాధారణ సింగిల్ కాయిల్ పికప్ మీద గట్టిగా మీటినా వచ్చేది వోల్టులో కొన్ని పదోవంతులు. గ్రిడ్డుకి పైకి కదలడానికి 1.3 వోల్టుల జాగా ఉంది. సిగ్నల్ ఆ జాగాలోనే తిరుగుతుంది, గోడని తాకదు. తాకితే అల నెత్తి తెగుతుంది, సౌండు పగులుతుంది. ప్రతి మెట్టులోనూ సిగ్నల్ ఎంత పెరుగుతుందో, తర్వాతి మెట్టులో దానికి ఎంత జాగా ఉందో చూసి ముడివేయడమే ఈ సర్క్యూట్ రచనలోని క్రమశిక్షణ.

మొదటి సగం సిగ్నల్‌ని సుమారు యాభై రెట్లు పెంచుతుంది. వెంటనే దాన్ని టోన్ కంట్రోళ్ళలోకి పంపి చాలావరకు తగ్గించేస్తారు. పెంచి తగ్గించడమేమిటని అనిపిస్తుంది గానీ, ఈ సర్క్యూట్లో నాకు అన్నిటికంటే నచ్చిన చోటు ఇదే. ప్లేటు దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఒక దారిలో 250 పికోఫారడ్ల బుల్లి కండెన్సరు ఉంది. అది పై స్థాయి ధ్వనుల్ని మాత్రమే ట్రెబుల్ పాట్ అనే తిప్పుడు రెసిస్టరు నెత్తికి చేరవేస్తుంది. రెండో దారిలో 100 కిలోఓముల రెసిస్టరు, దాని అవతల మళ్ళీ రెండు కండెన్సర్లు. 0.1 మైక్రోఫారడ్‌ది మంద్ర స్వరాల్ని బేస్ పాట్ వైపు తీసుకెళుతుంది. 0.047ది మధ్య స్థాయి ధ్వనుల్ని కిందికి లాగి, 6.8 కిలోఓముల రెసిస్టరు గుండా ఎర్త్‌కి దించేస్తుంది. ఫలితంగా సెకనుకి 400, 500 కంపనాల ప్రాంతంలో ధ్వని పల్లంగా తగ్గుతుంది. గిటార్‌కి సహజంగా బరువెక్కువ ఉండే చోటు అది. అక్కడ కాస్త తీసేస్తే లావు తీగల మోత విడిగా, సన్న తీగల మెరుపు విడిగా వినిపిస్తాయి. అయిదారు తీగలు కలిపి మీటినా ఏ తీగకి ఆ తీగ తెలుస్తుంది. ట్విన్ రివర్బ్‌లో ఆ 6.8 కిలోఓముల స్థానంలో 10 కిలోఓముల మిడిల్ పాట్ ఉంటుంది. అందులో మూడు పాట్లూ సున్నాకి తిప్పితే సౌండే రాదు, ఎందుకంటే సిగ్నల్‌కి ఎర్త్ తప్ప వేరే దారి మిగలదు. ఈ వింత చూస్తే కంట్రోళ్ళు ఒకదానిమీద ఒకటి ఎంతగా ఆధారపడ్డాయో అర్థమవుతుంది.

ఇవే కంట్రోళ్ళు ఫెండర్ 5ఎఫ్6-ఏ బేస్‌మన్‌లో చాలా వెనక, రెండు వాల్వులు దాటాక వచ్చేవి. దాన్ని ఆధారం చేసుకుని లండన్‌లో మార్షల్ వాళ్ళు జేటీఎం45 కట్టారు, ఆ వంశంలోంచి రాక్ సంగీతపు గరుకు గొంతు పుట్టింది. ఏబీ763 రచయితలు టోన్ కంట్రోళ్ళని ముందుకి జరిపి మొదటి మెట్టు పక్కనే పెట్టారు. సిగ్నల్ ఇంకా పసిగా ఉండగానే దాన్ని మలిచి, బలం తగ్గించి, ఒక మెగోము వాల్యూమ్ పాట్ దాటించి, అప్పుడు రెండో సగం చేతిలో పెడతారు. ఆ రెండో సగానికి ఒత్తిడి పడే అవకాశమే తక్కువ.

ఇక్కడ సొంతంగా కట్టేవాళ్ళు తెలియక చేసే పని ఒకటుంది. అసలు ఆంప్లిఫయర్లో రెండు చానెళ్ళూ రెసిస్టర్ల గుండా ఒకచోట కలుస్తాయి. ఆ కలయిక దగ్గర సిగ్నల్ బాగా తగ్గుతుంది. ఒకే చానెల్ కడుతున్నాం కదా, ఈ రెసిస్టర్లు దండగ అని తీసేస్తే సౌండు పెరుగుతుంది గానీ క్లీన్ టోన్ పోతుంది. 220 కిలోఓములవి రెండు తీసుకుని ఒకటి సిగ్నల్ దారిలో, ఒకటి ఎర్త్‌కి కట్టి ఆ తగ్గింపుని నిలుపుకోవాలి. ఏమీ చేయనట్టు కనిపించే భాగం కూడా ఇందులో పనిచేస్తూనే ఉంది.

తర్వాతిది 12ఏటీ7. పవర్ వాల్వులు రెండిటికీ ఒకే సిగ్నల్ ఎదురుబొదురుగా కావాలి, ఒకదానికి అల పైకి లేస్తుంటే రెండోదానికి కిందికి దిగాలి. గుంటలో ఒకరు, దుంగ మీద ఒకరు నిలబడి పెద్ద రంపం లాగినట్టు, ఒకరు లాగుతుంటే ఒకరు వదలాలి. 12ఏటీ7 రెండు సగాల క్యాథోడ్లనీ కలిపి కింద ఒకే పెద్ద రెసిస్టరు కట్టి ఈ పని సాధిస్తారు. మొదటి సగానికి సిగ్నల్ నేరుగా అందుతుంది, రెండో సగానికి ఉమ్మడి క్యాథోడు ద్వారా అందుతుంది గనక అది పిసరంత తక్కువ బలంతో పనిచేస్తుంది. అందుకని మొదటి ప్లేటుకి 82 కిలోఓములు, రెండోదానికి 100 కిలోఓములు ఇచ్చి తూకం సరిచేశారు. పటంలో పక్కపక్కనే ఉన్న ఆ రెండు అంకెలూ ఎందుకు వేరుగా ఉన్నాయో తెలిసిన రోజు పటం చదవడం వచ్చినట్టే.

రెండు 6వీ6ల ప్లేట్లూ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ రెండు కొసలకి వెళతాయి. 6,600 ఓములకి అలవాటుపడ్డ వాల్వుల్ని 8 ఓముల స్పీకరుతో కలపాలంటే చుట్ల నిష్పత్తి సుమారు 29కి 1 ఉండాలి. ఇది స్టెబిలైజరుకి చుట్టే ట్రాన్స్‌ఫార్మర్ లాంటి పని కాదు. ప్రైమరీని, సెకండరీని పొరలు పొరలుగా ఒకదాని మధ్య ఒకటి చుట్టకపోతే పై స్వరాలు ట్రాన్స్‌ఫార్మర్లోనే ఆగిపోతాయి. స్టాంపింగులు అనే ఇనుప రేకులు తక్కువైతే మంద్ర స్వరాలు బలహీనపడతాయి. మన ఊళ్ళలో వైండింగ్ షాపులవాళ్ళు బాబిన్, పొరల వరస, కాగితం మందం రాసిస్తే ఓపికగా చుట్టిపెడతారు, కానీ రాసిచ్చేవాడికి తెలిసి ఉండాలి. డబ్బు ఎక్కడ ఖర్చుపెట్టాలని ఎవరైనా అడిగితే నేను ఈ ట్రాన్స్‌ఫార్మర్ మీదే అంటాను.

స్పీకరు దగ్గర్నుంచి ఒక సన్న తీగ వెనక్కి వస్తుంది. 820 ఓములు, 47 ఓముల రెసిస్టర్ల గుండా స్పీకరు వోల్టేజిలో సుమారు పద్ధెనిమిదో వంతు 12ఏటీ7కి తిరిగి చేరుతుంది. బయటికి పోయిన ధ్వనిలో ఏదైనా వంకర ఉంటే దానికి వ్యతిరేకంగా కలిసి కొంత సరిచేస్తుంది, స్పీకరు కోను అదుపు తప్పకుండా పట్టుకుంటుంది. అయితే ట్రాన్స్‌ఫార్మర్ తీగలు తారుమారైతే ఇదే ఏర్పాటు సరిచేయడం మాని ఎగదోస్తుంది. స్విచ్ వేయగానే చెవులు చిల్లులు పడేలా కూత వస్తుంది. భయపడనక్కర్లేదు. ఆపి, కండెన్సర్లు ఖాళీ చేసి, 6వీ6 ప్లేట్లకి వెళ్ళే రెండు తీగలూ అటూఇటూ మార్చితే సరి.

కరెంటు సరఫరాలోనూ ఒక పొదుపైన ఆలోచన ఉంది. జీజెడ్34 ఏసీని డీసీ చేస్తుంది, మన 50 సైకిళ్ళ కరెంటుకి అందులో 100 సైకిళ్ళ అలజడి మిగులుతుంది. మొదటి కండెన్సర్ల దగ్గర, ఇంకా అలజడి ఉన్న చోటే, 6వీ6 ప్లేట్లకి సరఫరా ఇస్తారు. ఆ రెండూ ఎదురుబొదురుగా పనిచేస్తున్నాయి గనక ఇద్దరికీ సమానంగా వచ్చిన అలజడి ట్రాన్స్‌ఫార్మర్లో చెల్లుకు చెల్లవుతుంది. అక్కడి నుంచి చోక్ అనే తీగచుట్ట దాటాక 6వీ6ల స్క్రీన్ గ్రిడ్లకి, ఇంకో రెసిస్టరు, ఇంకో కండెన్సరు దాటాక 12ఏటీ7కి, చిట్టచివర, అన్నీ దాటి తేరుకున్న వోల్టేజి 12ఏఎక్స్7కి. సిగ్నల్ పసిగా ఉన్న చోటికి అతి శుభ్రమైన కరెంటు, బలంగా ఉన్న చోటికి ముతక కరెంటు. సిగ్నల్ ఒక వైపు నుంచి నడిస్తే కరెంటు ఎదురు వైపు నుంచి నడుస్తుంది.

ఇంతవరకూ పటం. ఇక చేతిపని.

హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో తిరిగితే రెసిస్టర్లు, పాట్లు, తీగలు దొరుకుతాయి. ఒకప్పుడు బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా వాల్వులు తయారుచేసేది. ఇప్పుడు కొత్తవి స్లొవేకియా, రష్యా, చైనాల నుంచి రావలసిందే.

చాసిస్‌కి రంధ్రాలు వేయకముందే ట్రాన్స్‌ఫార్మర్ల స్థానం తేల్చాలి. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రం అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లోకి చొరబడి హమ్ పుట్టిస్తుంది. దీనికి అందమైన ఉపాయం ఒకటుంది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీకి హెడ్‌ఫోన్ తగిలించి, పవర్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ కొసలన్నిటికీ విడివిడిగా టేపు చుట్టి, దానికి మాత్రం కరెంటు ఇవ్వాలి. హెడ్‌ఫోన్‌లో గుంయ్‌మని వినిపిస్తుంది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ని నెమ్మదిగా తిప్పుతూ జరుపుతూ పోతే ఒకచోట ఆ మోత దాదాపు మాయమవుతుంది. అక్కడ పెన్సిల్‌తో గీత గీసుకోవాలి. కళ్ళతో కనిపించనిదాన్ని చెవితో కొలిచి స్థానం నిర్ణయించడమంటే ఇదే.

ఆనాటి ఫెండర్ ఆంప్లిఫయర్ తెరిస్తే ఫైబరు బోర్డు మీద ఇత్తడి కన్నాల వరస కనిపిస్తుంది. బోర్డుల మీద, చాసిస్‌లో తీగలు కలిపింది ఎక్కువగా మహిళలే. చాలా పెట్టెల్లో మాస్కింగ్ టేపు ముక్క మీద ఆ పని చేసినామె పేరు చేత్తో రాసి అంటించి ఉంటుంది. ఇవాళ ఇంట్లో కట్టేవాళ్ళు కన్నాలకి బదులు నిలువుగా నిలబడే టరెట్ మొలలు వాడుతున్నారు. రెసిస్టరు కాలుని మొలకి ముప్పాతిక చుట్టు తిప్పి ముక్కుపటకారుతో నొక్కాలి, సోల్డరు పడకముందే అది కదలకుండా నిలవాలి. సోల్డరింగ్ ఐరన్ మొనని మొలకీ కాలుకీ కలిపి ఆనించి, రెండు మూడు సెకన్లు కాగనిచ్చి, సోల్డరు తీగని మొనకి కాకుండా కాగిన లోహానికి తాకించాలి. అది తనంతట తానే పారి, మొల చుట్టూ అంచులు పల్చబడేలా పాకుతుంది. తీగ తీసేశాక ఐరన్ తీయాలి, చల్లారేదాకా దేన్నీ కదపకూడదు. మెరుస్తూ, లోపలి తీగ ఆకారం పైకి కనిపించేలా ఉంటే అతుకు మంచిది. ఉండలా ముద్దకట్టి ఉంటే లోపల పట్టు లేనట్టే.

హీటర్లకి వెళ్ళే తీగల్లో 6.3 వోల్టుల ఏసీ, సుమారు ఒకటిన్నర ఆంపియర్ల కరెంటు. హమ్‌కి పెద్ద కారణం ఇవే. రెండు తీగల్నీ గట్టిగా, సమంగా మెలివేస్తే ఒకదాని క్షేత్రాన్ని ఇంకోటి చెల్లగొడుతుంది. మెలిక సాకెట్ పిన్నుల దాకా సాగాలి, చివర అరంగుళం కూడా విడిపోకూడదు. గ్రిడ్డుకి వెళ్ళే తీగలు పొట్టిగా ఉండాలి, ప్లేటు తీగల పక్కన సమాంతరంగా నడవకూడదు, దాటవలసి వస్తే నిలువుకి అడ్డంగా దాటాలి. ఎర్త్ తీగలకీ ఇదే శ్రద్ధ. మొదటి కండెన్సర్లు జీజెడ్34 నుంచి కరెంటుని గుక్కలు గుక్కలుగా తాగుతాయి. ఆ గుక్కలు పోయే ఎర్త్ తీగ మీదే 12ఏఎక్స్7 క్యాథోడుని కూడా కడితే ప్రతి గుక్కా సౌండులో వినిపిస్తుంది. పవర్ వైపు ఎర్త్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర, సిగ్నల్ వైపు ఎర్త్ ఇన్‌పుట్ జాక్ దగ్గర, రెండూ విడివిడిగా చాసిస్‌ని చేరాలి. ప్లగ్గు మూడో పిన్ను నుంచి వచ్చే ఎర్త్‌కి మాత్రం దాని సొంత బోల్టు ఉండాలి, ఇంకేదీ దాన్ని పంచుకోకూడదు. పాత ఆంప్లిఫయర్ల రెండు పిన్నుల ప్లగ్గు ఎవరూ అనుకరించనక్కర్లేని సంగతి.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు ఎలక్ట్రీషియన్లు వాడే సిరీస్ బల్బు ద్వారానే ఇవ్వాలి. లోపల షార్టు ఉంటే బల్బు ధగధగ వెలుగుతుంది, ఆంప్లిఫయర్ బతికిపోతుంది. లోపల 400 వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్గు పీకాక కూడా కండెన్సర్లలో ఉంటుంది. రెసిస్టరు గుండా ఖాళీ చేసి, మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. స్పీకరు కలపకుండా వాల్వుల్ని నడపకూడదు. 6వీ6 క్యాథోడ్ల కింద ఒక్కో ఓము రెసిస్టరు పెట్టుకుంటే మీటరులో కనిపించే మిల్లీవోల్టులే మిల్లీఆంపియర్లు. 400 వోల్టుల దగ్గర ఒక్కో వాల్వుకి 20, 22 వచ్చేలా వాటి గ్రిడ్లకి ఋణ వోల్టేజిని సర్దే బయాస్ పాట్ తిప్పాలి. అంతకంటే తక్కువైతే రెండు వాల్వులూ పని ఒకరికొకరు అప్పగించే చోట సౌండులో గరుకు వస్తుంది, ఎక్కువైతే ప్లేట్లు ఎర్రబడతాయి.

ఆఖరి పని ఎండిన చెక్కపుల్లతో. వాల్యూమ్ సగం పెట్టి, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, పుల్లతో ఒక్కో తీగనీ అటూఇటూ జరుపుతూ వినాలి. చాలా తీగల్ని కదిపినా ఏ మార్పూ ఉండదు. ఏదో ఒకటి, సాధారణంగా వాల్యూమ్ పాట్ నుంచి గ్రిడ్డుకి వెళ్ళేది, బొటనవేలి వెడల్పు జరిగేసరికి హమ్ సగం పడిపోతుంది. దాన్ని అక్కడే ఉండేలా వంచి వదలాలి.

వాల్యూమ్ నాలుగు దాకా గిటార్‌లో ఏది మీటితే అదే బయటికొస్తుంది. అయిదు దాటాక గట్టిగా మీటినప్పుడు మాత్రం స్వరం అంచులు కొద్దిగా గరుకెక్కుతాయి. 22 వాట్ల 6వీ6 జత చేరగల హద్దు అది. ఇంకా పైకి శుభ్రంగా పోవాలంటే నాలుగు 6ఎల్6లు, 85 వాట్లు, దాదాపు ముప్పై కిలోల బరువున్న ట్విన్ రివర్బ్ దారి పట్టాలి. గదిలో వాయించుకోవడానికి అంత అక్కర్లేదు.